గోరంట్ల బిడ్డల కాలేజీ దినము



"కాలేజీ పిల్లలకేమి, హాయిగా తిరుగుతారు" అనే మాట మన పల్లెల్లో తరచుగా వినిపిస్తుంది. దినమంతా పొలంలో ఎండకు నిలిచే తండ్రికి, ఇస్త్రీ బట్టలు వేసుకొని బస్సెక్కే బిడ్డను చూస్తే అలా అనిపించడంలో వింత ఏమీ లేదు. ఆ మాటలో నిజమెంతో తెలుసుకోవాలని మేము ఇటీవల గోరంట్ల ప్రాంతానికి వెళ్ళాము. రెండు రాత్రులు అక్కడి కుటుంబాలతో గడిపాము. కాలేజీకి పోయే పిల్లలతో పాటు తెల్లవారి బస్సెక్కి, వారితోనే సాయంత్రం తిరిగి వచ్చాము. అక్కడ చూసినవి, విన్నవి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మెట్ట నేల మీద ఒక ఊరు

గోరంట్ల చిత్రావతి నది దగ్గర ఉన్న మండల కేంద్రము. మనలో చాలామందికి అది అనంతపురం జిల్లా ఊరుగానే తెలుసు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలను 26గా చేసినప్పుడు అది పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా నేల మారలేదు. ఎర్రమట్టి, నల్లని గుండ్లు, గుట్టలు, గట్టు మీద చింతచెట్లు, దూరంగా కొండల వరుస. ఒక వైపు పెనుకొండ ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తరువాత విజయనగర రాజులు తమ రాజధానిని అక్కడికి మార్చుకున్నారు. ఇంకొక వైపు హిందూపురం, దాని పక్కన శిల్పాలకు పేరుపొందిన లేపాక్షి. గోరంట్లలో కూడా విజయనగర కాలపు మాధవరాయ ఆలయపు రాతిపనిని చూడడానికి అప్పుడప్పుడు కాలేజీ పిల్లలు పుస్తకాలు పట్టుకొని వస్తుంటారు. దక్షిణంగా కొంత దూరం పోతే కర్ణాటక. అందుకే ఇక్కడి మాటల్లో కన్నడం కలిసి ఉంటుంది, ఇక్కడి ఆశల్లో బెంగళూరు కలిసి ఉంటుంది.

ఈ నేలకున్న కష్టం వాన. నైరుతి గాలులు తెచ్చే మేఘాలు పడమటి కనుమల మీదనే చాలావరకు కురిసి, ఇక్కడికి వచ్చేసరికి తేలిపోతాయి. తూర్పు సముద్రం నుండి వచ్చే ఈశాన్య వానలు ఇంత లోపలికి చేరేసరికి నీరసిస్తాయి. అందువలన అనంతపురం ప్రాంతానికి సంవత్సరమంతటికీ దొరికే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదైనా సమయానికి రాదు. చిత్రావతి అంటే కృష్ణా, గోదావరుల వలె నిండుగా పారే నది అని ఎవరూ అనుకోకూడదు. ఎక్కువ కాలము అది ఇసుక దారి. అయితే వచ్చిన నాడు ఆపలేము. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు దిగువన చెన్నేకొత్తపల్లి మండలంలో వరద నడుమ చిక్కుకున్నవారిని వైమానిక దళపు హెలికాప్టరు వచ్చి పైకి తీసింది. కరవు, వరద రెండూ ఒకే నది చూపించే నేల ఇది.

శెనక్కాయ, రాగి, కంది, చింతపండు, మల్బరీ — ఇవే ఇక్కడి కుటుంబాల ఆదాయము. హంద్రీ–నీవా పథకము ద్వారా 2016లో పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్ళు చేరినప్పుడు ఈ వైపు పల్లెల్లో ఎంతో సంతోషించారు. కాని కాలువ చేరని పొలాలు ఇంకా ఉన్నాయి. అక్కడ బోరు ఉంటే పంట, బోరు ఎండితే అప్పు.

చదువు నడిచి వచ్చిన దారి

ఇటువంటి చోట కాలేజీ చదువు అనేది చిన్న సంగతి కాదు. అనంతపురంలో 1916లో దత్తమండల కళాశాల తెరిచారు. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. ఇల్లూరు అనే పల్లె నుండి వచ్చి ఆ కాలేజీలో చేరిన నీలం సంజీవరెడ్డిగారు 1977లో మన దేశానికి రాష్ట్రపతి అయ్యారు. ఇంజనీరింగు కాలేజీ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అనంతపురం చేరింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో ఏర్పడింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్‌గారు అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెల్లోని బీద పిల్లల చదువుకు ఎంతో తోడ్పడింది. 2008 ప్రాంతంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు వలన, ఇంటర్ తోనే ఆగిపోవలసిన ఎందరో పిల్లలు డిగ్రీ మెట్టు ఎక్కారు.

ఈ విధంగా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అయితే ఆ తలుపు దాకా ప్రతిదినము వెళ్ళి రావడం పిల్లల పని. గోరంట్లకు రైలు లేదు. హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి — ఎటు వెళ్ళాలన్నా బస్సే. హాస్టలులో సీటు దొరికినవారు అనంతపురం పోతారు. దొరకనివారు, ఇంటి పనికి చేతులు చాలనివారు, ఇంటి నుండే పోయి వస్తారు. మేము కలిసినది అటువంటి పిల్లలనే.

తెల్లవారకముందు

మేము దిగిన ఇల్లు గోరంట్ల దగ్గరి ఒక పల్లెలో ఉంది. ఆ ఇంట్లో పెద్ద పాప హిందూపురంలో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఉదయం నాలుగున్నరకు కోడి కూయక ముందే ఆ బిడ్డ లేచింది. ముఖం కడుక్కొని, తల మీద తువ్వాల చుట్టుకొని, సెల్‌ఫోన్ లైటు వెలుగులో మల్బరీ తోటకు పోయింది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కోసిన ఆకు వాడదు. పట్టుపురుగులకు వాడిన ఆకు పనికిరాదు. ఆకు కోసి తెచ్చి, షెడ్డులో తట్టలకు మేత వేసి, పంపు దగ్గర నీళ్ళు పట్టి, వాకిలి ఊడ్చేసరికి ఆరున్నర. అప్పుడు స్నానము, నాలుగు ముద్దలు, డబ్బా కట్టుకోవడము. ఏడున్నరకు నడక.

ఆ పని మధ్యలో ఆమె ఒక్క నిమిషం ఆగడం మేము చూశాము. షెడ్డు తలుపు దగ్గర నిలబడి వింటున్నది. ఏమి వింటున్నావమ్మా అని అడిగితే, "వాన ఆంటీ" అని నవ్వింది. మాకు అర్థం కాలేదు. చెవి పెట్టి వింటే నిజంగానే సన్నని వాన పడుతున్నట్టు శబ్దము. నాలుగో జ్వరం దాటిన పురుగులు వేలకొద్దీ ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే వచ్చే శబ్దమది. "జ్వరం" అంటే పురుగు మేత మాని కదలకుండా కూర్చొని చర్మం విడిచే కాలానికి ఇక్కడి రైతులు పెట్టిన పేరు. నాలుగు జ్వరాలు దాటిన తరువాత వారం దినాలు వాటి ఆకలికి అంతు ఉండదు. వాన కోసం ఎదురుచూసే ఊరిలో, ఆ వాన చప్పుడు వినడం ఆ బిడ్డకు దినములో మొదటి సంతోషము. దానికి ఖర్చు లేదు, సమయం పట్టదు. మేత వేస్తూనే వినవచ్చును.

కిటికీ పక్క సీటు

గోరంట్ల బస్టాండు ఉదయం ఎనిమిది గంటలకు చూడవలసినది. ఒక పక్క చింతపండు మూటలు, ఒక పక్క టమాటా పెట్టెలు, బొరుగుల బండి, టీ అంగడి, వాటి నడుమ భుజాన సంచులతో పిల్లలు. బస్సు వచ్చి ఆగకముందే కిటికీలో నుండి చేతిరుమాళ్ళు, పుస్తకాలు సీట్ల మీద పడతాయి. ఆ ఆత్రం చూసి పెద్దలు విసుక్కుంటారు. గంటకు పైగా నిలబడి ప్రయాణం చేసి, వెంటనే క్లాసులో కూర్చోవలసిన వారికి సీటు విలువ తెలుస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఇటీవల ఒక మార్పు వచ్చింది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైన తరువాత పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్రంలోని స్త్రీలకు ఛార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపితే సున్నా టికెట్టు ఇస్తారు. ఒక పాప మాతో ఇలా అంది: "ముందు పాసు డబ్బులు అడిగేకి నాయన మొగం చూసి రెండు దినాలు ఆగేదాన్ని. ఇప్పుడు ఆ భయం లేదు." ఛార్జీ పోయిన సంతోషం కంటే, అడగవలసిన అవసరం పోయిన సంతోషమే ఆ మాటలో ఎక్కువగా కనిపించింది. అయితే బస్సుల్లో జనం పెరిగారు. కిటికీ పక్క సీటు ఇంకా అరుదైపోయింది.

ఆ సీటు దొరికిన బిడ్డ ఏమి చేస్తుందో గమనించాము. మొదట పది నిమిషాలు నోట్సు తెరిచింది. తరువాత మూసి బయటికి చూసింది. పాలసముద్రం దగ్గర 44వ నెంబరు జాతీయ రహదారి వస్తుంది. అక్కడ కస్టమ్స్, పన్నుల శాఖ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీని 2024 జనవరి 16న ప్రధానమంత్రి ప్రారంభించారు. పెనుకొండ వైపు పోతే 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియా కర్మాగారము ఉంది. మన పొలాల పక్కనే లేచిన ఆ భవనాలను చూస్తూ పిల్లలు వాటిలో తమకొక కుర్చీ ఊహించుకుంటారు. పక్క సీటులో ఇద్దరు స్నేహితురాళ్ళు ఒకే ఇయర్‌ఫోన్ చెరొక చెవికి పెట్టుకొని పాట వింటున్నారు. వెనుక ఒకడు నిద్రపోతున్నాడు. లేపవద్దని స్నేహితులు తమలో తాము సైగ చేసుకుంటున్నారు. ఆ పిల్లవాడి సంగతి తరువాత చెప్పుతాము.

మధ్యాహ్నపు డబ్బాలు

కాలేజీ పాఠాల గురించి మేము ఎక్కువ వ్రాయము. ఇప్పుడు డిగ్రీ చదువు సెమిస్టరు పద్ధతిలో నడుస్తుంది. ఆరు నెలలకొకసారి పరీక్షలు, వాటి మధ్య ఇంటర్నల్స్, ప్రాజెక్టులు, సెలవుల్లో ఇంటర్న్‌షిప్. మన కాలంలో సంవత్సరానికొకసారి వచ్చే భయం ఇప్పుడు సంవత్సరమంతా పరుచుకొని ఉంది. నోట్సులు చాలావరకు ఫోనుకే వస్తాయి. ఫోను చేతిలో లేకుంటే ఆ దినము పాఠము లేనట్టే.

భోజనపు గంట మాత్రము చెప్పి తీరాలి. చెట్టు క్రింద ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చొని డబ్బాలు తెరుస్తారు. ఎవరి డబ్బా వారు తినడం అక్కడ మర్యాద కాదు. ఒకరిది చిత్రాన్నము, ఒకరిది ఉగ్గాని, ఒకరిది చద్ది రొట్టె, శెనక్కాయల ఊరిబిండి. హిందూపురం పట్నపు పిల్ల తెచ్చిన మెత్తని చపాతీలు పల్లె పిల్లలకు పోతాయి. పల్లె నుండి వచ్చిన ఊరిబిండి మీద పట్నపు పిల్లల చెయ్యి ముందు పడుతుంది. ఒక పాప డబ్బాలో ఆ దినము ఒట్టి అన్నము, పచ్చిమిరపకాయ మాత్రమే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. డబ్బా చుట్టూ తిరిగి వచ్చేసరికి అందులో నాలుగు రకాలు చేరాయి. ఇంట్లో ఏమున్నదో, ఏమి లేదో స్నేహితులకు తెలుసు. తెలిసినట్టు కనపడకుండా పెట్టడం కూడా వారికి తెలుసు. ఈ నేర్పు ఏ సిలబస్‌లోనూ లేదు.

మిగిలిన పది నిమిషాలు కొందరు లైబ్రరీకి పోయి దినపత్రిక తిరగవేస్తారు. కొందరు గేటు బయట ఐదారుగురు కలిసి డబ్బులు వేసుకొని కారం బొరుగుల పొట్లాలు కొంటారు. సీతాఫలాల కాలమైతే గుట్టల నుండి వచ్చిన పండు ఒకటి ముగ్గురికి. కొత్త శెనక్కాయ వచ్చే కాలమైతే ఎవరో ఒకరి సంచిలో ఉడకబెట్టిన పచ్చికాయలు తప్పక ఉంటాయి. ఇవే వారి విందులు.

నిద్రపోయిన పిల్లవాడు

ఉదయం బస్సులో నిద్రపోయిన ఆ అబ్బాయి బి.కాం. చదువుతున్నాడు. పెళ్ళిళ్ళ కాలంలో శని, ఆదివారాల్లో బెంగళూరు వైపు కల్యాణ మండపాలకు వడ్డన పనికి పోతాడు. పగలంతా నిలబడి వడ్డించి, రాత్రి పాత్రలు సర్ది, తెల్లవారి బస్సులో వచ్చి, అటునుండి అటే కాలేజీకి. ఆ కూలితో పరీక్ష ఫీజు కట్టుకుంటాడు, ఫోనుకు రీఛార్జి చేసుకుంటాడు. మొన్న మిగిలిన డబ్బుతో వాళ్ళమ్మకు చెప్పులు కొన్నాడట. ఆ సంగతి అతడు చెప్పలేదు, స్నేహితులు చెప్పారు.

నీకు ఇష్టమైనదేమి బాబూ అని అడిగాము. "ఏట్లో క్రికెట్ అన్నా" అన్నాడు. ఎండిన చిత్రావతి ఇసుకలో సాయంత్రం వెలుగు ఉన్నంతవరకు ఆడతారు. ఇసుకలో బంతి లేవదు, కాళ్ళు కూరుకుపోతాయి, పరుగు తీయడం కష్టము. అయినా ఆ ముప్పావు గంట కోసం వారమంతా ఎదురు చూస్తారు. ఏటికి నీళ్ళు వస్తే ఆట పోతుంది కదా అన్నాము. అతడు నవ్వి, "వస్తే చాలన్నా, ఆట ఏముంది, రోడ్డు మీద ఆడుకుంటాము" అన్నాడు. తన ఆట స్థలము మునిగిపోవాలని కోరుకునే ఆటగాళ్ళను మేము అక్కడే చూశాము.

అరుగు మీద లెక్క

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఇంటివారి అరుగు మీద కూర్చున్నాము. తల్లి విత్తనానికి శెనక్కాయలు వలుస్తున్నది. తండ్రి మాతో మనసు విప్పి మాట్లాడాడు. వేసవిలో బోరు ఎండింది. మల్బరీ సగం తోట పోయింది. శెనక్కాయ పెట్టుబడికి తెచ్చిన అప్పు అలాగే ఉంది. ఊరికి గార్మెంట్సు ఫ్యాక్టరీ వ్యాను వస్తుంది. పాప వయసు పిల్లలు కొందరు దానిలో పనికి పోయి నెల జీతం తెస్తున్నారు. రెండేండ్ల చదువు చాలునేమో, ఇక పాపను కూడా వ్యాను ఎక్కిద్దామా అని ఆయన ఆలోచన.

"చదివేకి పోతాదో, నగేకి పోతాదో తెలీదన్నా" అన్నాడు. "బస్సు దిగేతప్పుడు చూస్తే నగుతానే దిగుతాది. ఇంట్లో బోరు ఎండిపాయె, అప్పు నెత్తిన ఉండాది. అంత తీరిక యాడనుంచి వస్తాది ఆ పిల్లకు?"

పాప లోపల చదువుకుంటున్నది. ఆ మాట ఆమెకు వినబడే ఉంటుంది.

మేము ఆయనకు ఉపదేశము చేయలేదు. అన్నా, ఆ తీరిక ఎంత ఉందో లెక్క వేసి చూద్దామా అన్నాము. తల్లి ముందున్న కుప్పలో నుండి ఇరవై నాలుగు శెనక్కాయలు తీసి వరుసగా పెట్టాము. ఒక కాయ ఒక గంట. కాయలో రెండు గింజలు కనుక, ఒక గింజ అర గంట. పాప దినము తల్లి చెప్పుతూ ఉంటే తండ్రి కాయలు పక్కకు జరిపాడు. నిద్రకు ఐదున్నర. తెల్లవారి రెండు, సాయంత్రం ఒకటిన్నర, పడుకోబోయే ముందు పురుగుల మేతకు అర — ఇంటి పనికి మొత్తము నాలుగు. నడక, బస్సు కలిపి పోవడానికి రెండు, రావడానికి రెండున్నర — నాలుగున్నర. కాలేజీలో ఆరున్నర. స్నానము, తిండి, తయారు కావడానికి ఒకటిన్నర. రాత్రి చదువుకు రెండు.

కాయలు అయిపోయాయి. వరుసలో ఒక్క గింజ కూడా మిగలలేదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "మరి నగేది ఎప్పుడు?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. బస్సులో అన్నాము. డబ్బా తినేటప్పుడు, మేత వేసేటప్పుడు. ఆ సంతోషానికి వేరే గంట లేదన్నా, పనిలోనే దొరికించుకుంటున్నది అన్నాము. అప్పుడు తల్లి తల ఎత్తకుండానే ఒక మాట అన్నది: "ఆ పిల్ల నగు కూడా పోతే ఈ ఇంట్లో ఇంకేం మిగులుతాది?"

వ్యాను సంగతి ఆ రాత్రి తేలలేదు. అప్పు అప్పే కదా, దానిని మంచి మాటలతో తీర్చలేము. సెమిస్టరు పరీక్షలు అయ్యేదాకా ఆ మాట ఎత్తకూడదని మాత్రము ఆయన ఒప్పుకున్నాడు. అయితే మరునాడు తెల్లవారి నాలుగున్నరకు మేము లేచేసరికి మల్బరీ తోటలో లైటు వెలుగు కనిపించింది. పాప మాత్రం వాకిట్లో దీపం క్రింద పుస్తకం పట్టుకొని కూర్చున్నది. ఆకు కోసేకి నాయన పోయినాడని చెప్పింది. నాలుగు కాయల్లో ఒకటి ఆయన తన వైపు జరుపుకున్నాడు.

ఆదివారపు గంటలు

ఆదివారము ఈ పిల్లలకు పూర్తి సెలవు కాదు. బట్టలు ఉతుక్కోవాలి, తోటకు పోవాలి, సోమవారపు అసైన్‌మెంటు వ్రాయాలి. అయినా ఆరాధన ముగిసిన తరువాత చర్చి వరండాలో యౌవనులు కొంతసేపు ఆగిపోతారు. కొత్త పాట నేర్చుకుంటారు. డ్రమ్ము ఎవరు వాయించాలో తగాదా పడతారు. డిసెంబరు దగ్గరికి వస్తే వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి నక్షత్రాలు చేస్తారు. క్రిస్మసు కేరల్స్‌కు పోయి ఇంటింటా ఇచ్చిన టీ త్రాగి, చలిలో వణుకుతూ అర్ధరాత్రి ఇల్లు చేరతారు. పెద్దలలో కొందరికి ఈ ఆలస్యం నచ్చదు. ఆరు దినాలు గంటలు లెక్క పెట్టుకొని బ్రతికే పిల్లలు ఒక్క దినము గడియారం చూడకుండా నవ్వుకుంటే, ఆ నవ్వు దేవుని మందిరపు వరండాలో వినబడడం మంచిదే కదా అని మాకు తోచింది.

తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు

ఈ రెండు దినాల్లో మేము నేర్చుకున్నది ఇది: మన పిల్లల చిన్న సంతోషాలు వారి కష్టము నుండి దొంగిలించినవి కావు. కష్టమును మోయడానికి అవి తల మీది చుట్టకుదురు వంటివి. బరువును తగ్గించవు కాని మోయడానికి వీలు కల్పిస్తాయి. చుట్టకుదురు తీసేస్తే బిందె ఎక్కువ దూరం పోదు.

అలాగని పిల్లలు చేసేదంతా మంచిదేనని మేము చెప్పము. యౌవనులారా, మీతో కూడా ఒక మాట. రాత్రి పదిన్నర తరువాత ఫోనులో వరుసగా వచ్చే చిన్న వీడియోలు మీ నిద్ర గంటలను తినివేస్తాయి. పురుగులకు ఆకు వేసినట్టు మన కండ్లకు అవి మేత వేస్తూనే ఉంటాయి, కడుపు మాత్రం నిండదు. స్నేహితురాలితో పంచుకున్న పాటకు, ఒంటరిగా దుప్పటి క్రింద చూసే తెరకు చాలా తేడా ఉంది. మొదటిది మిమ్మల్ని తెల్లవారి లేపుతుంది, రెండవది లేవనివ్వదు. ఇంట్లో కష్టము ఉన్నప్పుడు నాయనతో, అమ్మతో మీ దినమెలా గడిచిందో చెప్పండి. మీ నవ్వు మాత్రమే చూసినవారికి మీ అలసట తెలియదు.

తల్లిదండ్రులారా, మీకు వీలైతే ఒక సాయంత్రం మీ బిడ్డ దినమును గంటగంటకు లెక్క వేసి చూడండి. శెనక్కాయలు లేకుంటే చింతగింజలైనా సరే. ఒక్క అర గంట పని మీరు తీసుకోగలిగితే, అది పుస్తకాలు కొనిచ్చినంత సహాయము. ఆడపిల్ల విషయంలో ఇది మరీ ముఖ్యము. చదువు, ఇంటి పని రెండూ ఆమె మీదనే పడతాయి. కొడుకు చదివేటప్పుడు నిశ్శబ్దంగా ఉండే ఇల్లు, కూతురు చదివేటప్పుడు నీళ్ళు తెమ్మంటుంది.

సంఘ పెద్దలకు ఒక చిన్న మనవి. మన చర్చి గదులు వారంలో ఎక్కువ దినాలు తాళం వేసి ఉంటాయి. సాయంత్రం రెండు గంటలు ఆ తాళం తీసి, ఒక లైటు, ఒక ఫ్యాను, నాలుగు బెంచీలు ఇస్తే, ఇంట్లో చోటు లేని పిల్లలు అక్కడ చదువుకుంటారు. పై తరగతికి పోయినవారి పాత పుస్తకాలు అక్కడ ఒక అలమారలో చేర్చవచ్చును. పరీక్ష ఫీజుకు చివరి దినము దగ్గరపడినప్పుడు ఏ బిడ్డ మొగం చిన్నబోయిందో చూసి, నలుగురికి తెలియకుండా సర్దవచ్చును. చెట్టు క్రింద డబ్బాలు తెరిచే ఆ పిల్లలు ఈ పని మనకంటే ముందే చేస్తున్నారు.

మేము తిరుగు ప్రయాణమైన దినము బస్టాండులో ఆ పిల్లలే మాకు కిటికీ పక్క సీట్లు పట్టి పెట్టారు. అనంతపురం బస్సు కదిలేటప్పుడు ఒక పాప కిటికీలో నుండి కాగితపు పొట్లం అందించింది. ఉడకబెట్టిన శెనక్కాయలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ధర్మవరం దాటేదాకా వలుచుకుంటూ తిన్నాము.

వచ్చే సెమిస్టరు పరీక్షలలో గోరంట్ల బిడ్డలను, అటువంటి మెట్ట ఊళ్ళలో తెల్లవారకముందే లేచే బిడ్డలందరినీ మీ కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకము చేసుకోండి.